రెజిన్ నగలకు మెరుగు పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో రెజిన్‌తో జుంకాలు, లాకెట్లు, గాజులు చేసేవాళ్లకు పోత పోయడం వరకు బాగానే వస్తుంది. అసలు తంటా ఆ తర్వాత మొదలవుతుంది. అంచులు గరుకుగా ఉంటాయి, వెనక వైపు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఎంత రుద్దినా మసక పోదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. విడిగా చెప్పిన చోట తప్ప, ఇదంతా రెండు సీసాలు కలిపి పోసే ఎపాక్సీ రెజిన్ గురించే.

మోల్డ్‌లోంచి తీసిన లాకెట్ అప్పటికే అద్దంలా మెరుస్తోంది. దాన్ని కూడా రుద్దాలా?

వద్దు. సిలికాన్ మోల్డ్ లోపలి గోడ ఎలా ఉంటే రెజిన్ అలాగే దిగుతుంది. మోల్డ్ నున్నగా ఉంటే నగ మెరుస్తుంది, మోల్డ్ మసకగా ఉంటే నగ కూడా మసకే. మెరిసే ముఖం మీద ఒక్కసారి 400 నంబరు ఉప్పు కాగితం (నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన) తగిలిందంటే, ఆ మెరుపు తిరిగి రావాలంటే ఆరేడు కాగితాలు వరసగా మార్చాలి. అందుకే ముందు నగను లైటు కింద తిప్పి చూసి, పని ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోండి. చాలాసార్లు అంచు చుట్టూ అంటుకున్న పల్చటి రెక్క, వెనక వైపు తప్ప ఇంకేమీ ఉండదు. మెరిసే ముఖానికి టేప్ అంటించి మిగతాది రుద్దుకోండి. పల్చటి రెక్కనైతే గోళ్ల కత్తెరతో తీసేయొచ్చు.

పోసిన ఎన్ని రోజులకు రుద్దవచ్చు?

చేతికి అంటుకోవడం 24 గంటల్లో ఆగిపోతుంది. అంతమాత్రాన లోపల గట్టిపడిందని కాదు. నేను కనీసం 72 గంటలు ఆగుతాను. చలికాలంలోనో, మందం తక్కువ ఉన్న నగకో వారం పడుతుంది. సీసా మీద పూర్తిగా గట్టిపడే సమయం రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి. సందేహం ఉంటే వెనక వైపు కనపడని చోట గోరు గట్టిగా నొక్కండి. గుర్తు పడితే ఇంకా ఆగాలి.

తొందరపడితే రెండు నష్టాలు. పచ్చిగా ఉన్న రెజిన్ పొడిగా రాలదు, ముద్దగా కాగితానికి అతుక్కుంటుంది. రెండోది అంతకన్నా పెద్దది: పూర్తిగా గట్టిపడని రెజిన్ పొడి చర్మానికి మంచిది కాదు. ఎపాక్సీకి ఒకసారి ఎలర్జీ వచ్చిందంటే సాధారణంగా జన్మంతా ఉంటుంది. ఆ తర్వాత సీసా మూత తీసినా దురద మొదలయ్యే వాళ్లున్నారు.

పైన జిగురుగా ఉంది. రుద్దితే పోతుందా?

అది ఏ జిగురో ముందు తేల్చుకోవాలి.

వేలు పెడితే లాగినట్టు, లోపలి వరకు మెత్తగా ఉంటే కొలత తప్పింది. రెజిన్, హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచే రెండో సీసా) పాళ్లు సరిగా పడలేదు, లేదా కప్పు అంచుల్లో, అడుగున ఉన్నది సరిగా కలవలేదు. దీన్ని ఏ కాగితమూ బాగుచేయదు. మెత్తగా ఉన్నంత మేరా గీకేసి, మళ్లీ సరైన కొలతతో పైన పోయాలి. అంతా అలాగే ఉంటే పారేయడమే. కొలత బరువుతోనా, పరిమాణంతోనా అనేది కంపెనీని బట్టి మారుతుంది. 2:1 అని రాసి ఉంటే ఏ రెండుకి ఏ ఒకటో కూడా చదవండి.

లోపల గట్టిగా ఉండి పైన మాత్రం నూనె రాసినట్టు, మైనం పూసినట్టు ఉంటే అది తేమ పని. హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన ఒక పొర కడతాయి. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది మామూలే. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెడితే పోతుంది. కడగకుండా రుద్దితే ఆ మైనం కాగితంలో నిండిపోయి కాగితం వృథా.

ఇక లాంప్ కింద పెట్టే యూవీ రెజిన్ పైపొర జిగటకు కారణం వేరు. గాలిలోని ఆక్సిజన్ పైపొరను గట్టిపడనివ్వదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఇంకో నాలుగైదు నిమిషాలు లాంప్ కింద పెట్టండి. శానిటైజర్‌తో తుడవకండి. అందులోని గ్లిజరిన్ మళ్లీ ఒక పొరలా మిగులుతుంది.

ఏ కాగితం కొనాలి? షాపులో అడిగితే చెక్క రుద్దే కాగితం ఇస్తున్నారు.

హార్డ్‌వేర్ షాపులో ఉప్పు కాగితం అంటే వడ్రంగులు వాడే పసుపు, గోధుమ రంగు కాగితం ఇస్తారు. అది నీళ్లు తగలగానే చిరిగిపోతుంది. మీరు ‘వాటర్ పేపర్’ అని అడగండి. నల్లగా ఉంటుంది, సిలికాన్ కార్బైడ్ గరుకు. 1500, 2000 నంబర్లు మామూలు షాపులో లేకపోతే కార్లకు పెయింటు వేసేవాళ్ల సామాన్లు అమ్మే షాపులో తప్పకుండా దొరుకుతాయి. నా సామాను సగం అక్కడిదే.

మొదలుపెట్టేవాళ్లకు 320, 400, 600, 800, 1000, 1500, 2000 ఒక్కో షీటు చాలు. 220 అవసరం తక్కువ. వెనక వైపు బాగా ఉబ్బిపోతేనే తీయండి. షీటును అగ్గిపెట్టె అంత ముక్కలుగా కత్తిరించి, ప్రతి ముక్క వెనకా పెన్నుతో నంబరు రాసుకోండి. తడిసాక 600 ఏదో 1000 ఏదో కంటికి తెలియదు.

ఒక చిన్న మెలిక. కాగితం వెనక నంబరుకు ముందు ‘పీ’ అక్షరం ఉందా లేదా చూడండి. పీ ఉన్నది యూరప్ కొలత. పీ లేని అమెరికన్ కొలతలో 400 అంటే దాదాపు పీ 800 అంత మెత్తన. రెండూ కలిపి వాడితే వరస తప్పుతుంది. ఆన్‌లైన్‌లో సెట్‌గా వచ్చే మైక్రోమెష్ ప్యాడ్లది ఇంకో లెక్క. దాని 1500, మన వాటర్ పేపర్ 1500 కన్నా చాలా గరుకు.

మధ్యలో నంబర్లు వదిలేయొచ్చా? 400 నుంచి నేరుగా 2000కి పోతే టైమ్ కలిసొస్తుంది కదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

రుద్దడం అంటే గీతలు చెరపడం కాదు, పెద్ద గీతల స్థానంలో చిన్న గీతలు పెట్టడం. పీ 400 కాగితం మీద గరుకు గింజ సగటున 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. పీ 1000కి 18, పీ 2000కి 10. ఆ 35 మైక్రాన్ల గింజ చేసిన గాడిని 10 మైక్రాన్ల గింజతో పూర్తిగా తీయాలంటే గంటలు పడుతుంది. మీరు గంటలు రుద్దరు. పది నిమిషాలకు గాడి పైఅంచులు నున్నబడి, తడిగా ఉన్నప్పుడు మెరుస్తుంది. ఆరాక గాడి అడుగు అలాగే కనిపిస్తుంది. నిజంగా టైమ్ కలిసొచ్చేది ప్రతి మెట్టునూ పూర్తి చేసినప్పుడే.

మెట్టు పూర్తయిందని ఎలా తెలుస్తుంది? మూడు పనులు చేయండి. మొదటిది, ప్రతి కాగితానికీ దిశ మార్చండి. 400తో అడ్డంగా రుద్దితే 600తో నిలువుగా. అడ్డగీత ఒక్కటి కనిపించినా 600 పని ఇంకా ఉన్నట్టే. రెండోది, రుద్దే ముందు పైన మార్కర్‌తో గళ్లు గీయండి. గీత మిగిలిన చోట పల్లం ఉంది, అక్కడికి కాగితం చేరలేదు. మూడోది, చూసే ముందు నగను గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. నీళ్లు గీతల్లో నిండి అబద్ధం చెబుతాయి.

నేను చేసిన మొదటి నల్ల లాకెట్‌కు పాలిష్ మీద పాలిష్ మూడుసార్లు పట్టించాను. బయటికి తెచ్చి ఎండలో పట్టుకుంటే గీతలన్నీ సాలెగూడులా కనిపించాయి. అవి పాలిష్‌లో వచ్చినవి కావు, 600 దగ్గర నేను వదిలేసినవి. మళ్లీ 600 నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నలుపు, ముదురు నీలం రంగుల్లో గీత ఎక్కువ కనిపిస్తుంది. అలవాటయ్యే దాకా లేత రంగులతో నేర్చుకోండి.

పొడిగా రుద్దాలా, తడిపి రుద్దాలా?

తడిపే. పొడి గాలిలోకి లేవదు, కాగితం మూసుకుపోదు, రెజిన్ వేడెక్కదు. గిన్నెలో నీళ్లు, అందులో చుక్క డిష్‌వాష్ లిక్విడ్. కాగితాన్ని ఓ పావుగంట ముందే నానబెడితే మెత్తబడి వంపుల్లో బాగా తిరుగుతుంది. చదునైన ముఖాలకైతే కాగితాన్ని గాజు పలక మీదో, నున్నటి గ్రానైట్ మీదో పరిచి, నగనే దాని మీద రుద్దండి. వేలితో కాగితం నొక్కి రుద్దితే మధ్యలో గుంట పడుతుంది. నంబరు మార్చిన ప్రతిసారీ నగను కడగాలి, నీళ్లూ మార్చాలి. 400 నాటి గింజ ఒక్కటి గిన్నెలో మిగిలినా 1500 దగ్గర పొడవాటి గీత పెడుతుంది. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాక తల పట్టుకుంటారు.

చెక్క, రెజిన్ కలిపి చేసిన నగలకు మాత్రం నీళ్లు వద్దు. చెక్క ఉబ్బుతుంది. వాటిని మాస్కు పెట్టుకుని, ఆరుబయట, పొడిగానే మెల్లగా రుద్దాలి.

మాస్కు తప్పదా? తడిపే రుద్దుతున్నాను కదా.

తడిపినా పక్కకు చిందిన బురద ఆరాక పొడే అవుతుంది. ఎన్95 పెట్టుకోండి. గుడ్డ మాస్కు ఈ సన్నటి పొడికి చాలదు. ఎన్95 పొడిని ఆపుతుంది గానీ, పోసేటప్పుడు వచ్చే ఆవిరిని ఆపదు. దానికి కిటికీలు తెరవడం, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా పెట్టుకోవడం వేరే పని. చేతులకు నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. వంటింటి సింకు దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. రుద్దిన నీళ్లను బకెట్‌లో ఒక రాత్రి ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది. పై నీళ్లు గుడ్డలో వడకట్టి పోసేసి, అడుగు ముద్దను ఆరబెట్టి చెత్తలో వేయండి. అదంతా ప్లాస్టిక్ పొడే, కాలువలోకి పోకపోతే మంచిది.

చిన్న రోటరీ మిషన్ కొంటే పని తొందరగా అవదా?

అవుతుంది, చెడటం కూడా తొందరగానే అవుతుంది. చాలా క్రాఫ్ట్ రెజిన్లు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడతాయి. మిషన్ ఒకేచోట రెండు క్షణాలు ఆగితే చాలు, అక్కడ అలలు అలలుగా గుంట పడుతుంది, లేదా తెల్లటి మసక వస్తుంది. వాడాలనుకుంటే తక్కువ స్పీడులో, చేయి ఆగకుండా కదుపుతూ, మధ్యమధ్యలో నగను చెంపకు ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే ఆపేయాలి. గరుకు పనికి కాకుండా చివర్లో ఫెల్ట్ ముక్కతో పాలిష్ పట్టడానికి మిషన్ బాగుంటుంది. ఒకేరకం పూసలు వందల్లో చేసేవాళ్లకు టంబ్లర్ (పూసలన్నిటినీ కలిపి తిప్పుతూ నున్నబరిచే మిషన్) వేరే దారి. పదీ ఇరవై చేసేవాళ్లకు దాని ఖర్చు దండగ.

పాలిష్‌కి ఏది వాడాలి? టూత్‌పేస్ట్, బ్రాసో, కొబ్బరినూనె అని తలో మాట చెబుతున్నారు.

కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ (సన్నటి గరుకు ఉన్న పేస్ట్) చిన్న డబ్బా కొనండి, ఆ తర్వాత మెత్తటి ఫినిషింగ్ పాలిష్. శనగగింజంత తీసుకుని మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రెండు మూడు నిమిషాలు రుద్దాలి. రెండింటికీ వేరువేరు గుడ్డలు.

టూత్‌పేస్ట్‌లో గరుకు ఉంటుంది, కాబట్టి కొంత పనిచేస్తుంది. ఏ పేస్ట్‌లో ఎంత గరుకో ఎవరూ రాయరు, అదే చిక్కు. బ్రాసో ఇత్తడి కోసం చేసింది. అందులో గరుకుతో పాటు అమ్మోనియా, ద్రావకం ఉంటాయి. కొందరు రెజిన్ మీద వాడతారు, నేను వాడను. కొబ్బరినూనె అయితే మెరుగు కాదు, మేకప్. గీతల్లో నిండి ఫొటో వరకు మెరుస్తుంది. కొన్నవాళ్లు రెండు రోజులు పెట్టుకునేసరికి మసక బయటపడుతుంది, ఫోన్ మీకే వస్తుంది.

అన్నీ వరసగా చేశాను, అయినా పొగమంచు పట్టినట్టుంది. ఎందుకు?

గీతలు కనిపిస్తున్నాయా, ఉత్త మసకేనా? గీతలైతే ఏదో ఒక మెట్టు పూర్తి కాలేదు. గీత ఎంత లోతో చూసి రెండు నంబర్లు వెనక్కి వెళ్లండి. ఉత్త మసకైతే పాలిష్ చాలలేదు, లేదా వేడెక్కింది, లేదా రెజిన్ ఇంకా పచ్చిగా ఉంది. మూడు రోజులు పక్కన పెట్టి మళ్లీ పాలిష్ చేసి చూడండి. దానంతటదే దారికొచ్చిన నగలు నా దగ్గర చాలా ఉన్నాయి.

ఇంత కష్టం ఎందుకు, పైన ఇంకో పొర రెజిన్ పోసేస్తే మెరుస్తుందట కదా?

నిజమే, చాలా నగలకు అదే తెలివైన దారి. కొత్త పొర గీతల్లోకి దిగి గట్టిపడుతుంది. రెండూ ఒకే పదార్థం కాబట్టి వెలుతురు వాటి మధ్య విరగదు, గీత మాయమవుతుంది. అందుకే దీనికి 400 దాకా రుద్దితే చాలు. అసలు రుద్దకుండా పోస్తే మాత్రం కొత్త పొర పట్టుకోకుండా తర్వాత పెచ్చులా లేస్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. వేలిముద్ర నూనె ఉన్నచోట రెజిన్ విడిపోయి చేపకన్ను లాంటి గుంట మిగులుతుంది. నగ కింద చిన్న దిమ్మె పెట్టి ఎత్తులో ఉంచి, మధ్యలో చుక్కలు వేసి పుల్లతో అంచు దాకా లాగండి. తలతన్యత వల్ల రెజిన్ అంచు దగ్గర ఆగి గుమ్మటంలా నిలబడుతుంది. ఒక్క చుక్క ఎక్కువైతే అంచు దాటి కారిపోతుంది. బుడగలకు లైటర్ మంటను అలా ఒకసారి పైన తిప్పితే చాలు, ఆపి ఉంచకండి. ఆ తర్వాత డబ్బా బోర్లించాలి. మా ఇంట్లో ఇలా ఆరబెట్టినవాటిలో దోమ పడినవి లెక్కలేదు.

లోహపు ఫ్రేమ్‌లో పోసిన నగలకు ఇదొక్కటే దారి. కాగితం పెడితే పూత పోయి ఇత్తడి బయటపడుతుంది.

నెయిల్ పాలిష్, క్లియర్ స్ప్రే కొట్టొచ్చా?

నెయిల్ పాలిష్ నాలుగు రోజుల ముచ్చట, పెచ్చులూడుతుంది. స్ప్రేలు కొన్ని రెజిన్ మీద ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటాయి. చెడిపోయిన పాత ముక్క మీద కొట్టి వారం చూడకుండా అమ్మే నగ మీద కొట్టకండి.

రుద్దుతుంటే లోపలి పువ్వు రేకు పైకి తేలింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే ఆపండి, నీళ్లు తగలనివ్వకండి. రేకు అంచు దొరికితే చాలు, నీళ్లు దాని నరాల వెంట లోపలికి పాకి గోధుమ రంగు మచ్చ చేస్తాయి. అది ఇక పోదు. పొడిగుడ్డతో తుడిచి, ఒక రోజంతా ఆరనిచ్చి, పైన పొర పోసి మూసేయండి. పెళ్లి దండలోని పూలతోనో, పిల్లల పుట్టువెంట్రుకలతోనో చేసే గుర్తు నగలకు రెండో అవకాశం ఉండదు. అందుకే అలాంటివి పోసేటప్పుడే పైన రెండు మిల్లీమీటర్లు ఉత్త రెజిన్ ఉండేలా పోయండి. రుద్దడానికి చోటు దొరుకుతుంది. బంగారు రేకు ముక్కలకూ ఇదే లెక్క.

గాజు లోపలి వైపు ఎలా రుద్దాలి?

గాజు లోపల పట్టే గుండ్రటి కర్రకో, పైపు ముక్కకో కాగితం చుట్టి, గాజును దాని చుట్టూ తిప్పండి. చపాతీ కర్ర బాగా కుదురుతుంది (వంటకు మళ్లీ వాడకండి). ఉంగరాలకైతే పెన్సిల్ చాలు.

ఇక్కడ సైజు లెక్క మరవొద్దు. మన 2-4 గాజు అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల పదహారింట నాలుగు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే 60కి కాస్త పైన. సైజుకీ సైజుకీ తేడా మూడు మిల్లీమీటర్లే. లోపల చుట్టూ అర మిల్లీమీటరు రుద్దితే వ్యాసం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. గరుకు కాగితంతో కసిగా రుద్దితే 2-4 కాస్తా చేతికి వదులైపోతుంది. లోపలి అంచుల మొన మాత్రం తప్పకుండా గుండ్రంగా చేయండి. ఎంత అందమైన గాజైనా మణికట్టు కోసేస్తే డబ్బాలోనే ఉంటుంది.

రంధ్రం ముందు వేయాలా, పాలిష్ అయ్యాకా?

కాగితం పని అయ్యాక, చివరి పాలిష్‌కి ముందు. చేతితో తిప్పే డ్రిల్, ఒక మిల్లీమీటరు బిట్, కింద చెక్క ముక్క. చెక్క లేకపోతే బిట్ అవతలికి వచ్చేచోట పెచ్చు లేస్తుంది. హుక్కు గుచ్చేచోట చుక్క యూవీ రెజిన్ వేసి లాంప్ కింద పెడితే ఊడదు.

మెరుపు వద్దు, మ్యాట్ కావాలి అంటున్నారు. పని తగ్గినట్టేనా?

కాస్త. 800 దగ్గరో 1000 దగ్గరో ఆగిపోవచ్చు. కాకపోతే గీతలన్నీ ఒకే తీరుగా ఉండాలి, అక్కడొకటి ఇక్కడొకటి లోతుగా ఉంటే మ్యాట్‌లా కాదు, పాతబడినట్టు కనిపిస్తుంది. మ్యాట్ మీద వేలిముద్రలు కూడా తొందరగా పడతాయి.

లక్క గాజులకూ ఇదే పద్ధతా?

కాదు. లక్క కూడా ఒక రెజినే, పురుగు ఇచ్చే సహజమైన రెజిన్. కానీ గుణం వేరు. హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను చూడండి, నిప్పుల సెగ మీద మెత్తబరిచి చేత్తో సాగదీసి చుడతారు. ఏటికొప్పాక బొమ్మలకైతే తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో నునుపు చేస్తారు. కాగితం మాటే ఉండదు. ఇంకో ముఖ్యమైన తేడా, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. రెజిన్ నగను తుడిచినట్టు లక్క గాజును స్పిరిట్‌తో తుడిస్తే మెరుపు మొత్తం పోతుంది.

పసుపెక్కిన పాత నగను రుద్దితే తెల్లబడుతుందా?

పైపొర వరకే పసుపైతే కొంత తేటపడుతుంది. సాధారణంగా ఎండ వల్ల వచ్చిన పసుపు లోపల కూడా ఉంటుంది, అది పోదు. కొనేవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి.

అమ్మేటప్పుడు జాగ్రత్తల చీటీలో ఏం రాయాలి?

సెంటు, శానిటైజర్ కొట్టుకున్నాక పెట్టుకోవాలి, ముందు కాదు. మెత్తటి గుడ్డతో తుడవాలి, టిష్యూ పేపర్‌తో వద్దు. ఎండలో ఆపిన కారులో వదలకూడదు. మన వేసవిలో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, పల్చటి జుంకా వంగిపోతుంది. వంగినా కంగారు పడక్కర్లేదని కూడా రాయండి. లోహం, పూలు లేని ఉత్త రెజిన్ ముక్కనైతే కాసేపు వేడినీళ్లలో ఉంచి, బల్ల మీద పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచితే చల్లారేలోపు చదునవుతుంది.